సగటుకు అందని చేయి

2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది. వార్సాలో పోలిష్ స్వరకర్త షోపాన్ పేరిట జరిగే 19వ అంతర్జాతీయ పియానో పోటీకి అదే ఆఖరి రాత్రి. అక్కడ సాయంత్రం ఆరంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర. ఆ వేళకు హైదరాబాద్ నాచారం గల్లీల్లో లక్ష్మీబాంబులు, పదివేలవాలాలు పోటాపోటీగా పేలుతున్నాయి. నేను కిటికీలన్నీ బిగించి, హెడ్‌ఫోన్లు పెట్టుకొని, ఫోన్‌లో ప్రత్యక్ష ప్రసారం చూస్తూ కూర్చున్నాను. పండగపూట ఇదేం పిచ్చి అని ఇంట్లోవాళ్లు అడిగితే చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు. అది వెతుక్కోవడానికే ఇది రాస్తున్నాను.

పియానో నేను పుట్టి పెరిగిన వాద్యం కాదు. మా తరానికి పియానో అంటే పాత సినిమాలో పార్టీ పాట. సూటు తొడిగి అక్కినేని దాని ముందు కూర్చున్నాడంటే ఆ పాట ఎవరినో ఏడిపిస్తుందని ముందే తెలిసిపోయేది. ఇప్పుడు నాచారం, హబ్సిగూడ అపార్ట్‌మెంట్లలో పిల్లలు కీబోర్డు నేర్చుకుంటున్నారు, ట్రినిటీ గ్రేడు పరీక్షలకు వెళుతున్నారు. అయినా మన చెవి గమకంలో పెరిగిన చెవి. స్వరం నుంచి స్వరానికి జారుతూ, ఊగుతూ వెళ్లడమే మనకు పాట. వయొలిన్ కూడా పడమటి నుంచి వచ్చిందే కదా అంటే, తీగ మీద వేలు జారుతుంది కనుక మనవాళ్లు దాన్ని అక్కున చేర్చుకున్నారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు చేతికి వచ్చాక అది పరాయిది అనేవాడే లేడు. మెట్ల వాద్యానికి ఆ యోగం పట్టలేదు. మన రాగాలకు సరిపడదని హార్మోనియాన్ని ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలు దూరం పెట్టింది. పియానోకు 88 మెట్లు. మెట్టుకూ మెట్టుకూ మధ్య దారి లేదు. పైగా సుత్తి తీగను తాకిన మరుక్షణం నుంచి నాదం తగ్గుతూ పోవడమే తప్ప పెరగదు.

నన్ను పట్టుకున్నది ఈ లోపమే. వాయించేవాడు ఏం చేసినా మోగిన స్వరాన్ని మళ్లీ పెంచలేడు. అతని చేతిలో ఉన్నది తర్వాతి స్వరాన్ని ఎప్పుడు, ఎంత బరువుతో మోగించాలన్న నిర్ణయం మాత్రమే. అణగిపోతున్న నాదాలను పక్కపక్కన పేర్చి, అవన్నీ ఒకే ఊపిరిలో పాడుతున్నాయని నమ్మించాలి. లేని గమకాన్ని వినిపించడమే ఆ విద్య.

అది ఎంత కష్టమో వార్సాలో ఆ ఏటి తుది విడత చెప్పింది. అక్కడికి చేరిన 11 మందీ, ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే కన్సర్టోకు ముందు, ఒకే రచన వాయించాలన్నది కొత్త నిబంధన. అది పోలనైజ్ ఫాంటసీ. షోపాన్ చనిపోవడానికి మూడేళ్ల ముందు, 1846లో వచ్చిన రచన. మొదట్లో బరువైన స్వరగుచ్ఛాలు రెండు మోగుతాయి. తర్వాత అడుగు నుంచి ఒక సన్నని స్వరాల వరస మెల్లగా పైకెక్కి గాలిలో ఆగిపోతుంది. మళ్లీ గుచ్ఛాలు, మళ్లీ ఆ వరస. రాగం మొదలుపెట్టే ముందు గాయకుడు శ్రుతిలో తడుముకున్నట్టు ఉంటుంది. పైకెక్కిన వరస గాలిలో ఎంతసేపు నిలవాలి? కాగితం మీద ఉన్న గుర్తు ఆ సంగతి పూర్తిగా చెప్పదు. ఒకరు ఆ నిశ్శబ్దాన్ని భరించలేక తొందరపడతారు. ఇంకొకరు దాన్ని మరీ సాగదీసి ప్రదర్శనకు పెడతారు. ఎవరో ఒకరు మాత్రం తర్వాతి గుచ్ఛం అప్పుడే గుర్తుకొచ్చినట్టు వాయిస్తారు. పోటీ పెట్టకపోతే ఒకే రచనను మూడు రాత్రుల్లో ఇన్నిసార్లు ఎవరు వింటారు? మొదటిసారి వినబడేది రచన. ఏడో ఎనిమిదోసారికి రచన వెనక్కి జరిగి మనిషి వినబడటం మొదలవుతుంది. పోటీ వల్ల నాకు దొరికిన లాభం ఇదే.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. వినబడిన ఆ మనిషికి అంకె వేయాలి.

ఉప్పల్ స్టేడియంలో ఈ బాధ లేదు. 2024 మార్చి 27న ముంబయి మీద సన్‌రైజర్స్ 277 పరుగులు చేసినప్పుడు, అవి 277 అని ఒప్పించడానికి ఏ పండితుడూ అక్కర్లేకపోయింది. అదే ఏడాది అమెరికా జాతీయ స్పెల్లింగ్ పోటీలో నల్గొండ మూలాలున్న పన్నెండేళ్ల బృహత్ సోమ 90 సెకన్లలో 29 మాటలు సరిగ్గా చెప్పి గెలిచాడు. అక్షరం తప్పితే గంట మోగుతుంది, వాదన ముగుస్తుంది. మనవాళ్లకు ఇలాంటి పోటీలంటే ప్రాణం. ఎంసెట్ నుంచి ఐఐటీ దాకా సరైన జవాబు ఒకటే ఉండే పరీక్షల్లోనే మన పిల్లలను పెంచాం. ర్యాంకు వచ్చిన వారి ఫొటోలు కళాశాల ఫ్లెక్సీల మీద నవ్వుతూ ఉంటాయి. సరైన జవాబు లేని పరీక్ష ఎదురైతే ఏం చేయాలో మనకు అలవాటు లేదు.

వార్సాలో న్యాయనిర్ణేతలు 25కి మార్కులు వేస్తారు. తమ శిష్యులకు తాము వేయరాదు. ఒకరి మార్కు మిగతావారి సగటుకు మరీ దూరంగా పోతే దాన్ని సగటు వైపు లాగి సరిచేస్తారు. పక్షపాతానికి అడ్డుకట్ట వేయడానికి అది మంచి ఏర్పాటే, తప్పు పట్టలేను. కానీ దానికీ ఒక ఖరీదు ఉంది. సగం మంది చేతులెత్తి మొక్కి, సగం మంది చెవులు మూసుకునే వాయిద్యకారుడు, ఎవరికీ అభ్యంతరం లేని వాయిద్యకారుడి కంటే వెనకపడతాడు.

1980లో జరిగింది అదే. యుగొస్లావియా నుంచి వచ్చిన ఈవో పొగొరెలిచ్ తుది విడతకు ఎంపిక కాలేదు. 1965లో అదే పోటీ గెలిచి, ఆ ఏడు న్యాయనిర్ణేతగా కూర్చున్న మార్తా ఆర్గెరిచ్ అతను మేధావి అంటూ బయటికి వెళ్లిపోయింది. ఓడిపోయినవాడి పేరు ఆ ఒక్క రాత్రితో ప్రపంచమంతా మోగింది. ఇక్కడితో ఆపితే తీర్పు తప్పు, తిరుగుబాటు ఒప్పు అన్న సులువైన కథ అవుతుంది. కానీ ఆ ఏడు గెలిచినవాడు వియత్నాంకు చెందిన డాంగ్ థాయ్ సన్. ఆసియా నుంచి ఆ బహుమతి అందుకున్న మొదటివాడు. అమెరికా బాంబుల నుంచి తప్పించుకోవడానికి హనోయి సంగీత పాఠశాల పల్లెకు తరలిపోతే, అక్కడ పియానో సాధన చేసిన పిల్లవాడు. తర్వాత గొప్ప గురువయ్యాడు. 2021లో గెలిచిన బ్రూస్ లియు అతని శిష్యుడే. ఇద్దరిలో ఎవరూ తక్కువవారు కారు. వాళ్లలో ఎవరు ఏమవుతారో ఆ రాత్రి అంకెలకు తెలియదు, అంతే.

మన ‘పాడుతా తీయగా’ ఇక్కడే గుర్తొస్తుంది. 1996లో ఈటీవీలో మొదలైన ఆ కార్యక్రమంలోనూ మార్కులున్నాయి, కన్నీళ్లున్నాయి. అయితే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మార్కు కంటే ముందు మాట చెప్పేవారు. ఏ అక్షరం దగ్గర ఊపిరి తెగిందో, ఏ సంగతి జారిందో తాను పాడి చూపేవారు. ఆ మాటలు పిల్లలకే కాదు, టీవీ ముందు కూర్చున్న మనకూ పాఠమయ్యేవి. కారణం చెప్పిన తీర్పుతో వాదించవచ్చు. ఒట్టి అంకెతో వాదించలేం.

పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ అంకె బరువు పెరుగుతుంది. చైనా పియానో విద్వాంసుడు లాంగ్ లాంగ్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. తండ్రి ఉద్యోగం వదిలి, కొడుకును బీజింగ్ తీసుకెళ్లి చిన్న గదిలో కాపురం పెట్టాడు. డబ్బు పంపడానికి తల్లి షెన్యాంగ్‌లోనే ఉండిపోయింది. గురువు వద్దని పంపేసిన రోజుల్లో ఒకనాడు ఆ తండ్రి చచ్చిపొమ్మని కొడుకు చేతిలో మాత్రలు పెట్టాడు. ఆ తర్వాత 1994లో జర్మనీలోని ఎట్లింగన్ బాలల పోటీలో లాంగ్ లాంగ్ గెలిచాడు. గెలిచాడు కాబట్టి ఆ కథ పుస్తకమైంది. కళాశాల పక్కన గది అద్దెకు తీసుకొని కొడుకుతో ఉంటున్న తల్లులు, ఊళ్లో ఒంటరిగా వండుకు తింటున్న తండ్రులు మనకు కొత్తా? గెలవని పిల్లల కథ ఎవరు రాస్తారు?

ఇందుకు మందు కూడా ఒక పిల్లవాడి దగ్గరే దొరికింది. 2022లో అమెరికాలోని ఫోర్ట్ వర్త్‌లో వాన్ క్లైబర్న్ పోటీ తుది విడత మనకు తెల్లవారుజామున వచ్చేది. పాలప్యాకెట్లు గుమ్మంలో పడే వేళ పద్దెనిమిదేళ్ల ఇమ్ యున్‌చాన్ రక్మనినోవ్ మూడో కన్సర్టో వాయించాడు. ఆ పోటీ చరిత్రలో అంత చిన్న వయసులో గెలిచినవారు లేరు. గెలిచాక అతను అన్నది ఒకటే: పతకంతో నా విద్య పెరగలేదు, ఇంకా సాధన చేయాలి. నాకు అందులో వినయం కంటే లెక్క ఎక్కువ కనిపించింది. నిన్నటి చేతులే నేటివీ. ర్యాంకు వచ్చిన రోజు మన పిల్లలకు ఇది చెబితే, రాని రోజు కూడా వాళ్లు దీన్ని నమ్మగలుగుతారు.

ఆ దీపావళి రాత్రి గడిచి తెల్లవారేసరికి వార్సా ఫలితం వచ్చింది. మొదటి బహుమతి అమెరికాకు చెందిన ఎరిక్ లూకి. అదే పోటీలో 2015లో, పదిహేడేళ్ల వయసులో, అతనిది నాలుగో స్థానం. నాలుగు ఒకటి కావడానికి పదేళ్లు పట్టిందని పత్రికలు రాయవచ్చు. ఆ పదేళ్లలో అతను సాధన చేసిన ఒంటరి గంటలు ఏ అంకెలోనూ చేరవు.

ఇప్పుడు ఇంట్లోవాళ్లకు ఒక సమాధానం చెప్పగలను. తుది విడతలో అందరూ వాయించడం అయిపోగానే నా వరస నేను కాగితం మీద రాసి పెట్టుకుంటాను. ఫలితం వచ్చాక చూస్తే అది ఎప్పుడూ కలవదు. కలవనప్పుడు నాకు సంగీతం రాదేమోనని వెంటనే వరస దిద్దుకోవాలనిపిస్తుంది. పెద్దల తీర్పుకు తలవంచడం మన రక్తంలో ఉంది. ఆ క్షణంలో మళ్లీ పోయి విని, చెవి మారితే దిద్దుతాను, మారకపోతే ఉంచేస్తాను. పోటీని వెంబడించడంలో నాకున్న సాధన అదొక్కటే. ఆర్గెరిచ్‌కు వదులుకోవడానికి ఒక కుర్చీ ఉంది, మనలాంటి వాళ్లకు అదీ లేదు. మనం చేయగలిగిందల్లా, ఆరో స్థానం వచ్చిందని తెలిశాక కూడా మనల్ని కదిలించిన వారికి కొట్టిన చప్పట్లు వెనక్కి తీసుకోకుండా ఉండటం.