పెళ్లితో గడువు పెరగదు

ఒరే మేనల్లుడూ,

నువ్వు సింగపూర్ అమ్మాయిని ఇష్టపడ్డావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. మన భాష రాని పిల్లయినా మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. నన్ను కలవరపెట్టింది ఆ వెనక వచ్చిన మాట. విజిటర్‌గా వెళ్లిన నువ్వు గడువు దాటినా అక్కడే ఉండిపోయి రిజిస్టర్ పెళ్లి చేసుకుంటే అంతా దానంతటదే సర్దుకుంటుందని గదిలో కుర్రాళ్లు నూరిపోశారట. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్న సామెత ఇమిగ్రేషన్ వాళ్ల దగ్గర చెల్లదురా.

ముందు ఒకటి తెలుసుకో. పాస్‌పోర్టుకు ఇచ్చిన వీసా రెండేళ్లదైతే రెండేళ్లు ఉండిపోవచ్చని కాదు. వీసా నిన్ను గుమ్మందాకా తెస్తుంది, అంతే. ఎన్నాళ్లు ఉండాలో చెప్పేది, దిగాక అక్కడి ఇమిగ్రేషన్ శాఖ ఐసీఏ ఈమెయిల్‌లో పంపే విజిట్ పాస్. మనవాళ్లకు సాధారణంగా 30 రోజులు. ఇంకొన్నాళ్లు కావాలంటే గడువు తీరకముందే అడగాలి. ఇచ్చి తీరాలన్న నియమం లేదు.

గడువు దాటి 90 రోజుల్లోపు దొరికితే 4,000 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 90 దాటితే జైలుతోపాటు కనీసం మూడు బెత్తం దెబ్బలు. 1989 నుంచి ఉన్న శిక్ష ఇది. ఆడవాళ్లకూ, 50 దాటిన మగవాళ్లకూ దెబ్బలుండవు. నీకు ఆ మినహాయింపు లేదు. శిక్ష ముగిశాక ఇంటికి పంపేసి, మళ్లీ రాకుండా తలుపు మూస్తారు. అప్పుడు పెళ్లాం అక్కడ, నువ్వు ఇక్కడ.

ఇది నీ ఒక్కడితో పోయేదీ కాదు. గడువు దాటినవాడని తెలిసీ ఆశ్రయమిస్తే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 6,000 డాలర్ల దాకా జరిమానా. గది అద్దెకిచ్చేవాళ్లు పాస్ చూసి, పాస్‌పోర్టుతో సరిచూసి, అది నిజమైనదో కాదో ఆరా తీయాలని చట్టమే చెబుతోంది. ఆ పిల్ల నిన్ను ఇంట్లో దాచిందంటే ముద్దాయి అయ్యేది ఆమె కూడా. మనసిచ్చిన పిల్లను కోర్టు మెట్లెక్కించడం ఏ పాటి ప్రేమ?

ఇక పెళ్లి. పౌరురాలిని చేసుకున్నంత మాత్రాన సింగపూర్‌లో ఉండే హక్కు రాదు. ఆమె స్పాన్సర్‌గా లాంగ్ టర్మ్ విజిట్ పాస్‌కు దరఖాస్తు పెట్టాలి. ఇవ్వడం, ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టం. పెళ్లికి ముందే అర్హత తెలుసుకునే ఏర్పాటు 2015 నుంచి ఉంది. ఆ దరఖాస్తులో నీ పాత రికార్డు అంతా బయటపడుతుంది. అక్కడ ఎప్పుడైనా వర్క్ పర్మిట్ మీద పనిచేసి ఉంటే, మానేశాక కూడా పెళ్లికి మానవవనరుల శాఖ అనుమతి కావాలి. పాస్ కోసమే పెళ్లి చేసుకున్నారని తేలితే 2012 డిసెంబరులో వచ్చిన సవరణ కింద పదేళ్ల దాకా జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా. మీది నిజమైన ప్రేమే కావచ్చు. కానీ గడువు ఎగ్గొట్టి హడావిడిగా చేసుకున్న పెళ్లిని చూసి అనుమానపడటం అధికారి తప్పు కాదు.

ఇంకా రోజులు మిగిలుంటే విమానమెక్కు. ఇంటి నుంచే ఇద్దరూ కలిసి ఆ ముందస్తు దరఖాస్తు పెట్టండి. ఆమె వాళ్లు వస్తే ఇక్కడే ముహూర్తం పెడదాం. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద 30 రోజుల నోటీసిచ్చి రిజిస్టరు చేయిద్దాం. ఒకవేళ గడువు దాటేసి ఉంటే దాక్కోకు. లాయరును కలిసి, నీ అంతట నువ్వే ఐసీఏకి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆలస్యం అమృతం విషమన్నది ఇలాంటి చోటే.

కొన్ని నెలల ఎడబాటుకు తట్టుకోలేని పెళ్లయితే ఏళ్ల తరబడి నిషేధానికి అసలే తట్టుకోదు. ఈ ఉత్తరం అందిన రోజే పాస్‌లో తేదీ చూసుకుని, టికెట్టు తీసుకుని మీ అమ్మకు ఫోన్ చెయ్యి. దర్జాగా పీటల మీద కూర్చుందువుగాని.

నీ మేలు కోరే
మామయ్య