పాటయు పడుచువారి నడవడియు

పడుచువారు చెడిపోవుటకు ఈ కాలపు పాటలే కారణమని పెద్దలు వాపోవుట మన దేశమునకు క్రొత్త గాదు. పెండ్లి ఊరేగింపుల ముందు డీజే పెట్టెలు బండ్లమీద నడచుచున్న ఈ దినములలో జైనూరు అంగడి వీధిలో ఆ మాట యెంత బిగ్గఱగా వినబడుచున్నదో, నూట ముప్పది యేండ్ల క్రిందట రాజమహేంద్రవరమునను బందరునను అంత బిగ్గఱగానే వినబడెను. నాడు ఆ మాట యనినవారు మఱెవరో కారు. మన సమాజపు పెద్దలే. కావున ఇతరుల పిల్లలను విమర్శించుటకు ముందు మన యింటి లెక్క చూచుకొందము.

వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి, భోగము మేళములను నిర్భయముగా ఖండించిరి. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు పవిత్రజీవనమే సర్వ సంస్కారములకును మూలమని బోధించి, మేళము పెట్టిన పెండ్లికి పోరాదని యువకులను హెచ్చరించిరి. 1893లో చెన్నపురి సంస్కర్తలు గవర్నరునకును వైస్రాయికిని అర్జీలు పంపుకొని, అట్టి మేళములకు దయచేయవలదని వేడుకొనిరి. ఆ దొరలిద్దఱును ఒప్పుకొనలేదు.

ఆ కాలపు పెండ్లిపందిరిని ఒకసారి తలచుకొనుడు. ఊరిలో తగవులు తీర్చు పెద్దమనిషి తివాచీమీద ముందు వరుసను కూర్చుండును. ప్రక్కను పదునాలుగేండ్ల కుమారుడు. పాడుచున్న స్త్రీ చేతిలో తండ్రి రూపాయలు పెట్టుటయు, ఆమె వంగి నమస్కరించుటయు, చుట్టునున్నవారు నవ్వుటయు ఆ బాలుడు చూచుచుండును. ఆ రాత్రి వాడు నేర్చుకొన్నది జావళి వరుస కాదు. స్త్రీని రూపాయితో కొనవచ్చుననియు, అట్లు కొన్నవానికి లోకమున గౌరవము తఱుగదనియు వాడు నేర్చుకొనెను. పాఠము చెప్పినవాడు తండ్రి. పాట ఆ బడిలో మ్రోగిన గంట మాత్రమే.

ఈ భేదమును మన పెద్దలలో కొందఱు గుర్తించిరి, పెక్కండ్రు గుర్తింపలేదు. ఆ క్రయవిక్రయమును ఖండించుట ధర్మమే. అందు మాకు రవంతయు సందేహము లేదు. ఆడుపిల్లలను దేవాలయములకు అంకితమిచ్చుటను నిషేధించుచు 1947లో మద్రాసు రాష్ట్రమున శాసనము వెలువడినదన్న, అది వీరును, డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు మొదలగువారును పడిన శ్రమకు ఫలమే. కాని నేరముతో పాటు పాటకును శిక్ష పడెను. కొన్నవానికంటె పాడినదానికే ఎక్కువ శిక్ష పడెను. మేళములు మానిన పిమ్మట ఆ కుటుంబములు ఏమి తిని బ్రదుకునని అడిగినవారు తక్కువ. ఆ కులముననే పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మగారు తమ సొత్తు వెచ్చించి, తిరువయ్యారులోని త్యాగరాజస్వామి సమాధిని 1920లలో మందిరముగా నిలిపిరి. మనమో, వీధివాకిట నుండి వెడలగొట్టిన సంగీతమునే పట్టణపు సభలలో టిక్కెట్టు కొని, వేఱు కులములవారి కంఠమున విని తలలూపితిమి. ఈ సంగతి వ్రాయుటకు మాకు సిగ్గుగానే యున్నది.

అట్లని పాటకు బలము లేదనుట పిచ్చిమాట. యవన తత్త్వవేత్తయగు ప్లేటో, సంగీతరీతులు మారినచో రాజ్యధర్మములకే ముప్పు వచ్చునని భయపడెను. అంత దూరము పోనేల? 1828లో రామమోహనరాయలవారు స్థాపించిన నాటినుండి మన సమాజమున గానము ప్రార్థనలో భాగమై యున్నది. కేశవచంద్రసేనులవారు 1860ల చివర వంగదేశపు వీధులలోని వైష్ణవ సంకీర్తనమును మద్దెల తాళములతో మన ఉపాసనలోనికి తెచ్చినపుడు, చదువుకొన్నవారిలో కొందఱికి అది మోటుగా తోచినది. అయినను దానివలన ఎన్ని హృదయములు కరగెనో మనము ఎఱుగుదుము. ఇక తెలంగాణమున, 1940లలో సుద్దాల హనుమంతుగారి పాట పల్లెల గుండా పోయినపుడు వెట్టివారు నడుము నిలిపి నిలువబడిరి. తరువాతి కాలమున గద్దరు పాట విని ఇల్లు విడిచిన పడుచువారు పెక్కుమంది. వారు పోయిన త్రోవ మంచిదా కాదా యనునది వేఱు విచారము.

మేలి పాట మనిషిని లేపునని యొప్పుకొన్నవాడు, చెడు పాట పడద్రోయుననియు ఒప్పుకొనక తప్పదు. అమెరికాలో కళాశాల విద్యార్థులపై చేసి 2003లో ప్రకటించిన పరీక్షలలో, కొట్లాట మాటలున్న పాటలు విన్నవారి మనస్సులలో కోపపు తలంపులు కొంత హెచ్చినవని తేలెను. ఆ ఫలము కొద్దిసేపే నిలుచునేమో యని ఆ పరీక్షలు చేసినవారే వ్రాసిరి. అనగా పాట నిప్పురవ్వ వేయగలదు. కట్టెలు పేర్చినదెవరో ఆ పరీక్షలు చెప్పలేవు.

ఈ కట్టెల సంగతి తెలియగోరువారు జైనూరు మండలములోని మార్లవాయికి పోవలయును. అది గోండుల పల్లె. మానవశాస్త్రజ్ఞుడగు హైమన్‌డార్ఫ్ దొర 1940లలో భార్య బెట్టీ ఎలిజబెత్తుగారితో అచ్చట నివసించెను. గోండు పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పదగిన ఉపాధ్యాయులకు ఆ దినములలో అచ్చటనే శిక్షణ మొదలయ్యెను. 1987లో గతించిన ఆమె సమాధి నేటికిని ఆ పల్లెలోనే యున్నది. గుసాడి నృత్యమునకు గాను 2021లో పద్మశ్రీ పురస్కారము పొందిన కనకరాజుగారిదియు ఆ పల్లెయే.

ఆశ్వయుజ పౌర్ణమి పిదప దండారి బృందములు బయలుదేఱును. గుసాడి వేషము కట్టువాడు నెమలియీకల టోపీ పెట్టుకొని, ఒడలికి బూడిద పూసికొని, భుజమున జంతుచర్మము వేసికొని, చేత కఱ్ఱ పట్టును. అంతటితో సరిపోదు. ఆ పండుగ ముగియువఱకు వాడు స్నానము చేయక దీక్ష పూనియుండును. దేవుడు వానిపై నున్నాడని ఊరు నమ్మును. డప్పులును పెప్రెయు మ్రోగుచుండ ఒక ఊరి బృందము మఱియొక ఊరికి పోవును. ఆ ఊరివారు ఎదురేగి, తోడ్కొనిపోయి, అన్నము పెట్టి ఆదరింతురు. ఆ రాకపోకలలోనే వియ్యములకు మాటలు కలియుటయు కలదు. దీపావళి దినములలో కోలబోడి జరిపి వేషములు విప్పుదురు.

ఏకేశ్వరోపాసకులమగు మాకు ఈకల టోపీలో దేవుడున్నాడను నమ్మకము లేదు. అయినను కన్నులున్నవి గనుక చూచితిమి. ఇరువదియేండ్లవాడు పదిమంది యెదుట గంతులు వేయుచున్నాడు, ఎగతాళి చేయుచున్నాడు, నవ్వించుచున్నాడు. డీజే పెట్టె ముందు వాడు చేయునదియు ఇదియే కదా! పైకి భేదము స్వల్పము. కాని దండారిలో వాని ఆటకు ముందు నియమమున్నది, వెనుక ఊరున్నది. వాడు తప్పుగా నడచుకొన్నచో చిన్నతనము వానికొక్కనికే కాదు, వానిని పంపిన ఊరికెల్ల. రేపు తనకు మామ కాదగినవాడు అరుగుమీద కూర్చుండి చూచుచుండవచ్చును. ఆ పాట పిల్లవానినుండి ఏదో కోరుచున్నది: ఒడలికి ఓర్పు, కాలికి నేర్పు, కంటికి మర్యాద. డీజే పాట కోరునది ఏమియు లేదు. అది ఇచ్చునదేగాని అడుగునది కాదు. అందుచేతనే పడుచువారికి అంత తియ్యగా నుండుననుకొందుము.

దండారిని పల్లకి యెక్కించుట మా యుద్దేశము కాదు. గోండుల పండుగలలో ఇప్పసారా చిరకాలముగా నున్నది. మద్యమును రోయు మనము దానిని మెచ్చజాలము. గుసాడి వేషము పురుషులకే గాని ఆడుపిల్లలకు లేకుండుటయు మాకు కొఱతగానే తోచును. అంతకంటె వింతయగు సంగతి యొకటి కలదు. పట్టణములలో ఏదైన ఉత్సవము జరిగినపుడు గుసాడివారిని బస్సెక్కించి తెచ్చి, వేదికపై పది నిమిషములు ఆడించి, చప్పట్లు కొట్టి పంపుదుము. అచ్చట దీక్షకు తావు లేదు; అన్నము పెట్టు ఊరు లేదు; అరుగుమీద మామయు లేడు. అట్టి గుసాడికిని డీజేకును భేదమేమో మాకు తెలియలేదు.

యంత్రము మీదను మాకు పగ లేదు. గోండు పడుచువారే తమ భాషలో పాటలు కట్టి, క్రొత్త వాద్యములు కూర్చి, యూట్యూబులో పెట్టుచున్నారు. బడిలో చాల కాలము చోటు దొరకని భాష అట్లయినను చెవులకు చేరుచున్నది, మేము సంతోషించితిమి. డీజే విషయమున నిజముగా కీడు చేయునది శబ్దము. నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదనియు, రాత్రి పది మొదలు ఉదయము ఆఱు వఱకు బయట లౌడుస్పీకర్లు మ్రోగింపరాదనియు 2000 సంవత్సరపు నిబంధనలలో నున్నది. మితిమీఱిన శబ్దముతో వినుటవలన నూఱు కోట్లకు పైగా యువజనులకు చెవుడు వచ్చు ప్రమాదము కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో హెచ్చరించెను. హైదరాబాదు పోలీసువారు 2024లో మతసంబంధమగు ఊరేగింపులలో డీజేలను నిషేధించిరి. మంచిదే. పసిపిల్లలు, ముసలివారు, గుండెజబ్బువారు ఉన్న వీధిలో ఎవని సంతోషమునకును గోడలు అదరగొట్టు హక్కు లేదు. కాని ఆజ్ఞ శబ్దమును మాత్రమే తగ్గించును. మేళములు మానిన యిండ్లలోనికి అవే జావళీలు గ్రామఫోను పెట్టెలో వచ్చి కూర్చున్న సంగతి మనము మఱవరాదు.

ఒక గోండు పెండ్లికి మేము పోయియుంటిమి. ఊరేగింపు ముందు పెట్టెలు మ్రోగుచుండగా, గోండుల దేవతల కథలు పాడు ప్రధాను కులపు ముసలివాడొకడు చంకలో కిక్రితో వచ్చెను. కొంతసేపు నిలువబడెను. వాయించినను తనకే వినబడదని గ్రహించి, కిక్రిని గుడ్డలో చుట్టుకొని భోజనపు పంక్తిలో కూర్చుండెను. పడుచువారు ఆయనను అవమానింపలేదు. ఆయన వచ్చినట్లే ఎఱుగరు. మాకు వారిమీదనే మొదట కోపము వచ్చినది. పిదప, ఈ పెట్టెలకు బయానా ఇచ్చినదెవరని విచారించితిమి. పెండ్లికొడుకు తండ్రి. అంత డబ్బు పడుచువారి యొద్ద ఎక్కడిది?

ఆయన మంచివాడు, కొంత చదువుకొన్నవాడు, మమ్ములను ప్రక్కను కూర్చుండబెట్టుకొని మర్యాద చేసెను. "వియ్యంకులు పెట్టించినారు, మేము పెట్టింపకున్న పరువు పోవునయ్యా" అని చెప్పెను. మేళము మానుడని వీరేశలింగముగారు చెప్పిన దినములలోను పెండ్లిపెద్దల సమాధానము ఇదియే. తాను పడుచుదనమున మూడేండ్లు గుసాడి కట్టితినని ఆయన మాటలలో బయటపడెను. ఆ మాట చెప్పునపుడు ఆయన మొగము వెలిగెను. మీవానికి ఆ యడుగులు వచ్చునా యని అడిగితిమి.

"రావు," అనెను ఆయన. వాడెన్నడును నేర్పుమని యడుగలేదా యంటిమి. ఆయన పెట్టెల వైపు చూచి, కొంతసేపటికి, "నేనే యెన్నడును రమ్మనలేదు" అనెను. కనకరాజుగారు 2024 అక్టోబరులో, దండారి దినములలోనే గతించిరి. ఆ పెండ్లి జరిగిన ఊరినుండి మార్లవాయి నడచి పోదగినంత దూరమే.