కాళ్లకు నీళ్లు

బిడ్డా, నీవు అడిగిన మాట రాత్రంతా నన్ను నిద్రపోనీయలేదు. “నా బతుకు దేనికి?” అన్నావు. చదువు ముగిసింది, కొలువు రాలేదు. నాన్న బొగ్గుబాయి పనికి అన్‌ఫిట్ అయితే ఆయన ఉద్యోగం నీకొస్తుందన్న మాట ఇంట్లో అందరి నోటా నానుతోంది. తండ్రి ఒళ్లు చెడితే తప్ప తెరుచుకోని తలుపు ముందు నిలబడవలసి వచ్చిందని నీవు తలవంచుకున్నావు. ఆ తలవంపు నీ మనసు మంచిదనడానికి గుర్తు. దాన్ని పోగొట్టుకోకు.

మన జైపూర్‌లో పనికి కరువు లేదు. పెగడపల్లి దగ్గర సింగరేణి వాళ్ల 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉంది. ఇందారంలో బొగ్గు తీస్తారు. గోదావరి దాటితే గోదావరిఖని. చుట్టూ ఇంత పని జరుగుతుంటే నీ చేతులు మాత్రం ఖాళీగా ఉండటం చిన్న బాధ కాదు. ప్రార్థన చేసి దాన్ని మరచిపొమ్మని నేను చెప్పను. కాని కొలువు వేరు, పిలుపు వేరు. కొలువు ఎవరో ఇవ్వాలి, ఇచ్చిననాడే అందుకోవాలి. పిలుపు అట్లా కాదు. అది నీ కంటబడే మనుషుల ఆపదలోంచి రోజూ వినబడుతూనే ఉంటుంది.

మన ఇండ్లలో గడప తొక్కినవారికి మొదట కాళ్లకు నీళ్లిస్తారు, తరువాతే తాగడానికి. బొగ్గుబాయి నుంచి వచ్చిన మనిషికైతే ఆ నీళ్లు మరీ అవసరం. షిఫ్టంతా భూమి లోపల గడిపి వచ్చినవాని కాలి గోళ్ల సందుల్లో బొగ్గు చేరి ఉంటుంది. అయినా మనం చెంబు చేతికిస్తాం, లేదా గడప పక్కన పెడతాం. ఎవరి కాళ్లు వారే కడుక్కుంటారు. యేసు ఈ ఆచారాన్ని ఒక మెట్టు కిందికి దించాడు. చివరి రాత్రి భోజనం దగ్గర తానే లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువ్వాలు నడుముకు కట్టుకొని, శిష్యుల పాదాల దగ్గర వంగాడు. అదే భోజనం దగ్గర తమలో ఎవరు గొప్ప అని శిష్యులు వాదులాడుకున్నారని లూకా రాశాడు. గొప్పతనం గురించి మాట్లాడే నోళ్లు చాలానే ఉన్నాయి, నీళ్లు తేవడానికి లేచిన కాళ్లు మాత్రం లేవు.

అక్కడ పన్నెండు మంది పాదాలున్నాయి. అందులో యూదా పాదాలూ ఉన్నాయి. కాసేపట్లో తనను అప్పగించడానికి ఆ పాదాలే చీకట్లోకి నడుస్తాయని యేసుకు తెలుసు. తెలిసే కడిగాడు. ఏళ్ల తరబడి యోహాను సువార్త చదువుతూ నేను ఈ చోటనే ఆగిపోతున్నాను. మంచివానికి మంచి చేయడం అప్పు తీర్చడం వంటిది. మనకు కీడు తలపెట్టినవాని ముందు కూడా మోకాలు వంచగలమా? నా మోకాలు చాలాసార్లు వంగలేదు. నీవు నాకంటే చిన్నవాడివి, ఇప్పటినుంచే నేర్చుకో.

వంగకుండా చేసే సేవ ఎంత పెద్దదైనా కొరతగానే ఉంటుంది. ఈ మాట ఎరిగినవాడొకడు మన దగ్గర్లోనే ఉండేవాడు. సింగరేణి తవ్వకాలు మొదలైన ఇల్లెందుకు దగ్గరలోనే డోర్నకల్ ఉంది. అక్కడ బిషప్పుగా ఉన్న వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు. మనవారి కోసం తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన పెద్దల ముందు నిలబడి దాపరికం లేకుండా మాట్లాడాడు. మీ దానాలు అందాయి, మీ త్యాగాలకు మేము రుణపడి ఉన్నాము, కాని మమ్మల్ని సాటివారిగా పక్కన కూర్చోబెట్టుకునే స్నేహం ఇంకా అందలేదు, మాకు అదే కావాలి అన్నది ఆయన మాటల సారం. సభలో కొందరికి అది రుచించలేదు. ఇచ్చేవాని చెయ్యి పైన, పుచ్చుకునేవాని చెయ్యి కింద ఉన్నంతకాలం ఇద్దరి మధ్యా ప్రేమ పుట్టదని ఆయన గ్రహించాడు.

నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లి కథ కూడా నీకు తెలియాలి. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు, ఆమె భర్త జార్జి 1915లో అక్కడ కుష్ఠురోగులకు ఆసుపత్రి నెలకొల్పారు. దానికి అండగా నిలిచిన దాత నర్సాగౌడ్ హిందువు. ఈ రోజుల్లో దొరికే మాత్రలు ఆనాడు లేవు. చాల్ముగ్రా నూనెను సూదితో ఎక్కించేవారు, నెలల తరబడి. సొంత ఇంటివాళ్లే జంకే చర్మాన్ని చేత్తో పట్టుకుంటే తప్ప ఆ సూది వేయడం కుదరదు. ఆ వైద్యంలో మందు పాలు ఎంతో, తాకిన చేతి పాలు ఎంతో నేను చెప్పలేను. ఒక క్రైస్తవురాలి చెయ్యి, ఒక హిందువు సొమ్ము కలిసి వెలివేయబడ్డవారికి నీడ అయ్యాయి. దేవుని పని ఒక్క సంఘం గోడల లోపలే జరుగుతుందనుకునేవాడు ఒక్కసారి డిచ్‌పల్లి వెళ్లి రావాలి.

అందుకే హెచ్చరిస్తున్నాను. బియ్యం సంచి ఇస్తూ ఫొటో తీయించకు. పుచ్చుకునేవాని ముఖంలోని సిగ్గు ఆ ఫొటోలో నిలిచిపోతుంది. అన్నం పెట్టి మతం అడగకు, అది బేరం. యేసు చెప్పిన కథలో దెబ్బతిన్నవాని గాయాలు కట్టిన సమరయుడు అతని కులగోత్రాలు విచారించలేదు. నీ వాళ్ల వాడకే సాయం చేసి తృప్తిపడకు. కాంట్రాక్టు కూలీ ఒకడు ఆ రోజు పనికి మస్టరు దొరక్క వెనుదిరిగి వస్తుంటే పేరుపెట్టి పిలిచి పలకరించు. దుమ్ము మింగి మింగి దగ్గుతూ మంచాన పడ్డ ముసలి కార్మికుణ్ణి ఆసుపత్రికి తీసుకుపో. అక్కడ చీటీ రాయించి వచ్చేయకు, పక్కన కూర్చో. ఊరూ సంపాదనా పోగొట్టుకొని ఇల్లు మారిన కుటుంబంలో చదువు ఆగిన పిల్ల ఉంటే సాయంత్రం గంటసేపు పాఠం చెప్పు. నీ డిగ్రీ ఇంకా ఎవరికీ పనికిరాలేదని బాధపడ్డావు గదా, ఆ పిల్లకు పనికొస్తుంది. ఇవి చేస్తూ ఉండగా “నా బతుకు దేనికి” అన్న ప్రశ్న వెంటనే పోదు. కొన్నాళ్లకు, దాన్ని అడగడం మరిచిపోయావని నీకే తెలుస్తుంది.

ఇవన్నీ రేపటి పనులు. ఈ రాత్రికి ఒకటి ఉంది. రెండో షిఫ్టు వదిలాక నాన్న వస్తాడు. ఆయన మోకాళ్లు నొప్పులని అమ్మ చెప్పింది. తన ఆరోగ్యం చెడితేనే నీకు దారి దొరుకుతుందన్న మాట ఆయన చెవిన కూడా పడే ఉంటుంది. ఆయన మెట్టు మీద కూర్చోగానే చెంబు చేతికివ్వకు. నీవే కింద కూర్చో. ఆయన వద్దంటాడు, పాదాలు వెనక్కి లాక్కుంటాడు. యేసు తన పాదాల దగ్గర వంగినప్పుడు శిష్యుడు పేతురూ అట్లాగే అన్నాడు.