వేసవి ఆదరువు – అతిథి భాగము



ఈ సంచికలో ఆత్మతత్త్వమును గురించి, కర్మసిద్ధాంతమును గురించి పెద్దలు వ్రాయుదురు. నేను వంటింటిని గురించి రెండు మాటలు చెప్పదలచినాను. ఎండలు ముదిరిన రోజులలో అన్నము ప్రక్కన పెట్టుకొనే కోసంబరి, పెరుగుపచ్చడి, మామిడికాయ పచ్చడి, వడియము, ఇవియే నేటి విషయము. ఇది ధర్మోపన్యాసమునకు తగిన విషయమా అని నవ్వకండి. రోజుకు రెండు పూటలా మనము చేయు పనిలో ధర్మము లేనిచో, ఏడాదికొక ఉత్సవములో అది ఎక్కడినుండి వచ్చును?

తెలుగులో ఒక మంచి మాట ఉన్నది: ఆదరువు. అన్నములోనికి కలుపుకొనే కూర, పచ్చడి ఆదరువే. కష్టములో ఆనుకొనే మనిషీ ఆదరువే. ఒకే మాట రెండింటికీ సరిపోయినది. అన్నమునకు ఆదరువైన వస్తువు మనిషికి ఎప్పుడు ఆదరువగును? దానిని పంచినప్పుడు.

మన ధర్మములో మొట్టమొదటి ఆహారదానము వేసవిలోనే జరిగినది. వైశాఖ శుద్ధ తదియ, అక్షయతృతీయ నాటి కథ మీరందరూ ఎరిగినదే. ఆదినాథుడైన ఋషభదేవుడు దీక్ష వహించి భిక్షకు బయలుదేరినాడు. జనులకు ఆయనపై భక్తి లేకపోలేదు. ఏనుగులు తెచ్చిరి, గుఱ్ఱములు తెచ్చిరి, రత్నరాసులు తెచ్చి పాదముల చెంత పోసిరి. ఆయనకు పనికివచ్చునది మాత్రము ఒక్కరూ తేలేదు. ఆ విధముగా ఏడాదికి పైగా నిరాహారముగా గడచినది. చివరకు హస్తినాపురములో శ్రేయాంసుడు చెరకురసము ఇచ్చినాడు, స్వామి దోసిట స్వీకరించినాడు. నేటికీ వర్షీతపము చేసినవారు ఆ తదియనాడు చెరకురసముతోనే పారణ చేయుచున్నారు.

ఈ కథలోని కీలకము చూడండి. రత్నములిచ్చినవారు లోభులు కారు. పుచ్చుకొనేవానికి ఏది తగునో ఎరుగక ఇచ్చినారు, అంతే. శ్రేయాంసుడు ఎరిగి ఇచ్చినాడు. ఎదుటివారు తినగలిగినది ఏదో తెలిసికొనుటలో సగము దానమున్నది.

ఈ పాఠము నాకు గ్రంథములో కంటె మా యింటి పెరటి తూములో బాగుగా కనబడినది. చెప్పుటకు సిగ్గుగా ఉన్నది, అయినను చెప్పెదను.

ధర్మపురిలో మా ప్రక్క యింట తెలుగు మాటలాడే ఒక అవ్వ ఉండెడిది. ఒక వేసవిలో మనుమరాలి చేత గిన్నెడు కోసంబరి పంపినది. అందులో క్యారటు తురుము, ఉల్లిముక్కలు ఉన్నవి. మేము నవ్వుచు పుచ్చుకొంటిమి, పిల్ల వెళ్ళినదనుకొని తూములో కుమ్మరించితిమి. పిల్ల గిన్నె కొరకు తలుపు వద్దనే నిలిచి ఉన్నది. అంతా చూచినది.

మరునాడు అవ్వ మా యింటావిడతో, “సేటమ్మా, మా చేతిది మీరు తినరని తెలియక పంపినాను. ఏమీ అనుకోవద్దు తల్లీ” అన్నది. తప్పు మాది, క్షమాపణ ఆమెది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంవత్సరికి ఊరంతటికీ మిచ్ఛామి దుక్కడం చెప్పుదుము గదా, ఈ ఒక్క గడప ఎందుకు దాటలేదు? ఉదయమే వెళ్ళి, “అవ్వా, మీ చెయ్యి కాదు, మా నియమము. దుంప పెరికితే మొక్క మొత్తము పోవును, అందులోని అనంత జీవులు పోవును. అందుకే నేలలోపల పెరిగినవి తినము. ఈ మాట నిన్ననే చెప్పవలసినది. పారబోయుట మా తప్పు” అంటిని. అవ్వ నవ్వి, “అంతేనా నాయనా! ఈ పాటి చెప్పరాదా? పెరట్లో దోసపాదు ఉండనే ఉన్నది, క్యారటుదేమి భాగ్యము?” అన్నది.

ఆ వారములోనే కీరదోస, పచ్చిమామిడి వేసిన కోసంబరి వచ్చినది. మేము మార్వాడు నుండి తెప్పించిన ఎండు సాంగరి కూర ఆ గిన్నెలోనే పెట్టి పంపితిమి. ఎడారి చెట్టు కాయ ఇంత రుచిగా ఉండునా అని అవ్వ ఆశ్చర్యపడినది. తరువాత ఎన్ని వేసవులు ఆ గిన్నె అటూ యిటూ తిరిగినదో లెక్క లేదు.

కాబట్టి మన నియమములు మనకు తెలియుట చాలదు, ఇరుగుపొరుగుకు చెప్పగలుగునంత తెలియవలెను. కొత్తగా వచ్చిన కోడళ్ళ కొరకు, పొరుగువారి కొరకు కొన్ని ఆదరువులు చెప్పెదను. నియమములలో పరంపరను బట్టి కొంత భేదమున్నది. ఎవరి గురువులు చెప్పినది వారు పాటింతురు గాక.

మొదటిది కోసంబరి. ఒక గ్లాసు పెసరపప్పు వడగట్టిన నీటిలో గంటసేపు నానబెట్టి, నీరు వంచవలెను. మొలక వచ్చువరకు ఉంచరాదు. కీరదోస ముక్కలు, పచ్చిమామిడి తురుము, కొబ్బరి చేర్చి, ఆవాలు, పచ్చిమిరప, ఇంగువతో పోపు పెట్టవలెను. ఉప్పు వడ్డించుటకు ముందే కలుపవలెను, లేనిచో నీరు ఊరును. ఫాల్గుణ చౌమాసీ నుండి ఆకుకూరలు మానిన ఇండ్లలో కొత్తిమీర వేయరు. పొయ్యి పని పోపుతోనే సరి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుననే ఎండలో, అస్తమయమునకు ముందే వంట ముగించవలసిన ఆడవారికి ఇది ఎంత ఊరట! అగ్నికాయ జీవులకు హింస కూడ తగ్గును.

రెండవది పెరుగుపచ్చడి. ఇక్కడ మన తెలుగు వంటింటిలో ఒక చిక్కు ఉన్నది. పచ్చి పెరుగుతో పప్పుధాన్యము కలిసినచో ద్విదళ దోషమని పెద్దలు చెప్పినారు. ఈ ప్రాంతపు పోపులో మినపప్పు, శనగపప్పు చేయి తిరిగినట్లు పడిపోవును. పెరుగుపచ్చడికి అవి మాని, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప మాత్రమే వేయవలెను. మెంతులు కూడ ద్విదళమే. ఆవాలు నూనెగింజ గనుక దోషము లేదు. కోసంబరి తిన్న పూట పెరుగన్నము కావలెనంటే, నోరు, చేయి, పాత్ర కడిగిన తరువాతనే. మజ్జిగన్నములో మినప అప్పడము నంజుకొనుట అందరికీ ప్రియమే, కాని మనకు తగదు. దాని బదులు బియ్యపు వడియము ఉన్నది.

వడియముల మాట వచ్చినది గనుక ఇంకొకటి. ఈ సేలం, ధర్మపురి ప్రాంతములో సగ్గుబియ్యము కర్రపెండలము దుంప నుండి తీయుదురు. తెల్లని పూసలవలె ఉన్నదని మరువకండి, దాని మూలము దుంపయే. దుంపలు మానినవారికి బియ్యపు వడియములే మేలు. అష్టమి, చతుర్దశులలో పచ్చికూరలు మానిన యింట అవి చక్కని ఆదరువు.

మూడవది మామిడి. ఈ నేల మామిడికి పేరు పొందినది. పచ్చికాయ ముక్కలు ఉడికించి బెల్లము, ఉప్పు, కారము చేర్చిన పచ్చడి తమిళుల సంవత్సరాదికి ప్రతి యింటా ఉండును. మనకూ తగినదే. ఆరుద్ర కార్తె ప్రవేశించగానే మనలో చాలమంది మామిడి విడచుదురు. ఉన్న కొద్ది వారములలో తిననీయండి, తినిపించనీయండి. ఇక ఊరగాయలలో, ముక్క మూడు రోజులైనను బాగుగా ఎండకుండ పెట్టిన పచ్చడి నిలువ ఉంచరాదని మన నియమము. తెలుగువారి మాగాయలో ముక్కను ఉప్పులో ఊరవేసి ఎండలో ఎండబెట్టుదురు. వెల్లుల్లి మానినచో అది మన పద్ధతికి దగ్గర. పొరుగింటివారు ఏ ఊరగాయ పంపమందురని అడిగినచో మాగాయ అనండి, వారికీ సంతోషమే.

ఇంతవరకు వస్తువును గురించి చెప్పినాను. ఇక ఇచ్చే చేతిని గురించి.

శ్రావకుని పన్నెండు వ్రతములలో చివరిది అతిథి సంవిభాగము. సంవిభాగమనగా సరియైన పంపకము. వర్తకులమైన మనకు పంపకము ఎరుగని విషయము కాదు, భాగస్తుని వాటా దమ్మిడీ తప్పదు. అట్లే మన విస్తరిలో అతిథికి ఒక వాటా ఉన్నదని ఈ వ్రతము చెప్పును. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో దీనికి ఐదు అతిచారములు చెప్పినారు. సచిత్త వస్తువుపై ఆహారము పెట్టుట, సచిత్త వస్తువుతో కప్పుట, ఇది నాది కాదు ఇంకొకరిదని తప్పించుకొనుట, ఓర్వలేనితనముతో ఇచ్చుట, వేళ దాటించి ఇచ్చుట. ఇవి మునిదానమునకు చెప్పినవే అయినను, చివరి రెండు మన రోజువారీ బ్రతుకునకు అద్దము. పొరుగామె కంటె నాది మేలు అని చూపుటకు పంపిన గిన్నె నాలుగవది. పగలంతా దాచుకొని, ఇక పులియునని తోచిన తరువాత పనిమనిషికి పోసిన మజ్జిగ ఐదవది. వేసవిలో ఆహారము పూటలో చెడును. ముందే తీసి ఇచ్చినది దానము, మిగిలి ఇచ్చినది ఖాళీ చేసికొనుట.

ఈ మాటకు సాక్ష్యము దూరము పోనక్కరలేదు. ధర్మపురి పూర్వనామము తగడూరు. సంగకాలములో అదియమాన్ నెడుమాన్ అంజి ఇక్కడ ఏలినాడు. ఆయన పేరిట అదియమాన్‌కోట్టై నేటికీ సమీపముననే ఉన్నది. దుర్గమమైన చోట పండిన, ఆయువు పెంచునని పేరుపొందిన ఉసిరికాయ ఆయనకు దొరికినది. తాను తినక అవ్వయార్ అను కవయిత్రికి ఇచ్చినాడు. ఆమె కృతజ్ఞతతో పాడిన పాట పురనానూరులో నిలిచినది. ఒక్క ఉసిరికాయ! రాజు గెలిచిన యుద్ధములకంటె అదే జనుల నోట నిలిచినది.

ఇదే తగడూరులో మన వర్తకుల కథ కూడ రాతిపై ఉన్నది. శకము 815, అనగా క్రీ.శ. 893 నాటి శాసనము ప్రకారము, శ్రీమంగళమునకు చెందిన ఒక సెట్టి కుమారులు నిధియణ్ణ, చందియణ్ణ ఇక్కడ బసది కట్టించినారు. నొళంబ రాజు మహేంద్రుడు మూలపల్లి గ్రామమును నిధియణ్ణకు ఇచ్చినాడు. నిధియణ్ణ దానిని తన వద్ద ఉంచుకొనక, వినయసేన సిద్ధాంత భటారుని శిష్యుడైన కనకసేన సిద్ధాంత భటారునికి బసది నిమిత్తము అప్పగించినాడు. చేతికి వచ్చినది చేతిలో ఆగలేదు. పదకొండు వందల ఏండ్లకు పైగా గడచినను ఆ పేరు చెరగలేదు.

మాకు గ్రామములెక్కడివి అందురేమో. చందనబాలకు ఏమున్నది? కౌశాంబిలో బానిసయై, సంకెళ్ళలో, చేటలో ఉన్న ఉడికిన మినుములు తప్ప ఆమెకు వేరేమీ లేదు. మన వాడుకలో గుగ్గిళ్ళే గదా అవి. అనేక నెలల అభిగ్రహము పూర్తియై మహావీర స్వామి ఆ గుగ్గిళ్ళనే స్వీకరించినాడు.

కడపట ఒక్క మాట దుకాణమును గురించి. మధ్యాహ్నము మనకు ఇంటినుండి నాలుగు గిన్నెల క్యారియరు వచ్చును. మూలన కూర్చొన్న కుఱ్ఱవాడు ఒట్టి చల్లన్నము తినుచుండును. తూనికలో గింజ తగ్గిన పాపమని ఎరిగిన మనము, ఈ తూనికను చూడకుండ ఎట్లు ఉన్నాము? ఇది సుపాత్రదానము కాకపోవచ్చును, అనుకంపాదానము మాత్రము తప్పక అగును. క్యారియరు విప్పగానే మొదటి గరిటెడు వాని ఆకులో పడనీయండి. మన పచ్చడి ఒక గరిటె తగ్గినచో అది మనకు ఊనోదరి తపస్సు. వానికి పుష్టి, మనకు నిర్జర. ఇంత లాభసాటి బేరము ఏ బజారులో దొరకును?

ఈ వేసవిలో ప్రతి కుటుంబము ఒక నియమము పట్టవలెనని నా ప్రార్థన. ఆదరువు ఏది చేసినను, ఇంటివారికి వడ్డించుటకు ముందే ఒక గిన్నె ప్రక్కకు తీయండి. అది ఎవరి యింటికి పోవునో వారు ఏమి తిందురో, ఏమి తినరో అడిగి తెలిసికొనండి. వారు ప్రేమతో పంపినది మనకు తగనిదైనచో, పుచ్చుకొనక ముందే నమస్కరించి కారణము చెప్పండి. పారబోయుటకు మాత్రము పుచ్చుకొనకండి.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. గిన్నె మాత్రము మా యింటిలోనే ఉండిపోయినది. ప్రతి వేసవి మొదటి కోసంబరి అందులోనే తీసి ఆమె మనుమరాలి యింటికి పంపుచున్నాము. ఆనాడు తలుపు వద్ద నిలిచిన పిల్ల ఆమెయే. గిన్నె ఏనాడూ ఖాళీగా తిరిగి రాలేదు.

నా మాటలలో జినాజ్ఞకు విరుద్ధమైనది ఏమైన దొర్లినచో మిచ్ఛామి దుక్కడం.

జై జినేంద్ర!