కణాల దాకా వెళ్ళేముందు

తల్లీ,

సికిల్ సెల్ జబ్బు మీద పని మొదలుపెడుతున్నావని విని చాలా సంతోషించాను. డీఎన్‌ఏను కోసే క్యాస్9 ప్రోటీన్‌ని, దానికి చోటు చూపించే గైడ్ ఆర్‌ఎన్‌ఏని బయటే జతకట్టి కణాల్లోకి పంపే పద్ధతి ఇప్పుడు పరిశోధన పత్రాల్లోనే మిగిలిపోలేదు. 2023 చివర్లో మొదట బ్రిటన్‌లో, వెంటనే అమెరికాలో అనుమతి పొందిన క్యాస్‌జెవీ చికిత్స ఈ దారిన వచ్చిందే. రోగి రక్త మూలకణాలు బయటికి తీసి, కరెంటు పెట్టి ఈ జంటను లోపలికి పంపిస్తారు. ఎర్రరక్తకణాల వరసలో గర్భస్థ హిమోగ్లోబిన్‌ను అణచిపెట్టే బీసీఎల్11ఏ జన్యువును పనిచేయించే భాగాన్ని అది కోసేస్తుంది. దాంతో పుట్టాక తగ్గిపోయిన గర్భస్థ హిమోగ్లోబిన్ మళ్ళీ తయారవుతుంది. మన పాడేరు ఏజెన్సీలో, ఆదిలాబాద్ గూడేల్లో ఈ జబ్బుతో నొప్పులు పడుతున్న పిల్లలున్నారు. నీ ట్యూబులో ఉన్నదాని విలువ నీకు నేను చెప్పనక్కర్లేదు.

అయినా ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను, విను. ట్యూబులో డీఎన్‌ఏను కోసి చూపించని జంటను కణాల దగ్గరికి తీసుకెళ్ళకు.

కొత్తగా చేరిన పిల్లలందరికీ తొందర కణాల మీదే ఉంటుంది. తీరా ఎడిటింగ్ జరగలేదనుకో, ఎవర్ని అనుమానిస్తావు? గైడ్ పాడైందా, ప్రోటీన్ చచ్చిందా, కరెంటు షాక్ సరిపోలేదా, కణాలే నీరసంగా ఉన్నాయా, ఆ చోట క్రోమాటిన్ మూసుకుపోయి ఉందా? నెల గడిచినా తేలదు. అదే ట్యూబులో అయితే అనుమానించాల్సింది జంటనే. అక్కడ కోసినంత మాత్రాన కణంలోనూ కోస్తుందన్న హామీ లేదు. కానీ అక్కడే కోయకపోతే ముందుకెళ్ళడం దండగ.

కలిపేటప్పుడు మైక్రోగ్రాములు చూడకు, అణువులు లెక్కపెట్టు. క్యాస్9 బరువు సుమారు 160 కిలోడాల్టన్లు, వంద న్యూక్లియోటైడ్ల గైడ్ దాదాపు 32. అంటే 10 మైక్రోగ్రాముల ప్రోటీన్‌లో 62 పికోమోల్స్ ఉంటాయి. అన్నే గైడ్ అణువులకు 2 మైక్రోగ్రాములు చాలు. గైడ్‌ని కాస్త ఎక్కువే వెయ్యి, ఒకటికి ఒకటిన్నర దాకా. గైడ్ దొరకని క్యాస్9 దేన్నీ కోయలేదు, పైగా ఉప్పు తగ్గితే ముద్దకడుతుంది. అందుకే గైడ్ ముందు ట్యూబులో ఉండాలి, ప్రోటీన్ దాని మీద పడాలి. ఉప్మాలో రవ్వ పోస్తూ కలుపుతామే, అలాగ నెమ్మదిగా వదులుతూ తిప్పు. గది వేడిలో పది నుంచి ఇరవై నిమిషాలు ఉంచితే సరిపోతుంది. తెల్లగా మబ్బు కనిపిస్తే ఆ ట్యూబు పారేసి మళ్ళీ కలుపు. ఖరీదైనదే, కానీ కణాలు అంతకంటే ఖరీదు.

గైడ్ రెండు ముక్కలుగా వచ్చేదైతే 95 డిగ్రీల్లో ఐదు నిమిషాలు ఉంచి, బల్ల మీద దానంతటదే చల్లారనివ్వు. ఐసులో గుచ్చకు. నువ్వే ల్యాబ్‌లో తయారుచేసిన గైడ్ అయితే దాని 5 ప్రైమ్ చివర మూడు ఫాస్ఫేట్లు మిగులుతాయి. మూలకణాలు వాటిని వైరస్ ఆర్‌ఎన్‌ఏ అనుకుని తిరగబడతాయి, చాలా కణాలు చస్తాయి. ఫాస్ఫటేస్ పెట్టు, లేదా చివర్లకు రసాయన రక్షణ ఉన్న గైడ్ కొని వాడు. ఏదైనా చిన్న చిన్న వాటాలుగా పంచి మైనస్ 80లో పెట్టుకో, ఒకసారి కరిగించింది మళ్ళీ గడ్డకట్టించకు. చేతి చెమటలో ఉన్న ఆర్‌ఎన్‌ఏస్ చాలు గైడ్‌ని తినెయ్యడానికి. ఫోన్ ముట్టుకున్న గ్లవ్స్ వెంటనే మార్చెయ్యి.

పరీక్ష కష్టమేం కాదు. నీ టార్గెట్ చుట్టూ ఉన్న ఆరేడు వందల బేస్‌ల ముక్కను పీసీఆర్‌లో పెంచి, జంటతో 37 డిగ్రీల్లో గంట ఉంచు. జెల్‌లో వేసేముందు ప్రోటీనేస్ కె తప్పనిసరిగా పెట్టు. క్యాస్9 కోసిన డీఎన్‌ఏని వదలకుండా పట్టుకునే ఉంటుంది. ఆ ప్రోటీన్‌ని కరిగించకపోతే డీఎన్‌ఏ జెల్ గుంటలోనే ఇరుక్కుని, కోసిందో లేదో తెలియకుండా పోతుంది. పక్కనే క్యాస్9 మాత్రమే వేసిన లేన్, గైడ్ మాత్రమే వేసిన లేన్, ఇదివరకే కోసినట్టు తేలిన గైడ్‌తో ఇంకో లేన్ నడుపు.

ఈ జంటలో నాకు నచ్చే గుణం ఏమిటంటే, లోపలికి వెళ్ళగానే పని మొదలుపెడుతుంది, ఒకటి రెండు రోజుల్లో కణమే దాన్ని కరిగించేస్తుంది. ప్లాస్మిడ్‌లా రోజుల తరబడి ఉండి పరాయి చోట్ల కోసే అవకాశం తక్కువ. అంత తక్కువ కాలం బతికేది కాబట్టే, లోపలికి వెళ్ళే క్షణానికి అది పూర్తి బలంతో ఉండాలి. కరెంటు పెట్టేటప్పుడు, అంటే ఎలెక్ట్రోపొరేషన్‌లో, జంట ద్రావణం పరిమాణం మొత్తంలో పదో వంతు దాటనివ్వకు. నిల్వ బఫర్‌లోని ఉప్పు ఎక్కువైతే క్యువెట్‌లో నిప్పురవ్వ లేస్తుంది, కణాలన్నీ పోతాయి.

జెల్‌లో కోసిన రెండు ముక్కలూ స్పష్టంగా వచ్చాక, ముందు ల్యాబ్‌లో పెంచే కె562 కణాల్లో చెయ్యి. తర్వాత ఆరోగ్యవంతులు ఇచ్చిన మూలకణాల్లో చూడు. రోగి ఇచ్చినవి ఆ తర్వాతే తియ్యి. ప్రతిసారీ షాక్ మాత్రమే తగిలిన కణాలు కొన్ని, అసలు ముట్టుకోనివి కొన్ని పక్కన ఉంచుకో. మూడో రోజు డీఎన్‌ఏ తీసి సీక్వెన్సింగ్‌కి పంపు. జెల్ ఫొటో మాత్రం మీ సార్‌కి చూపించాక నాకూ పంపమ్మా, ఇద్దరం కూర్చుని చూద్దాం.