గడ్డిపోచ నీతి

మతంలో కపటం అనగానే మనకు ఒక పాతబొమ్మ కళ్లముందు నిలుస్తుంది. నొసట విభూతి, చేత జపమాల, మనసులో పరధనం. పైకి పరమభక్తుడు, లోపల దేవుడూ లేడు, దయ్యమూ లేదు. ఇతగాణ్ణి ఆషాఢభూతి అని పిలిచి, నాలుగు చురకలు వేసి, అంతటితో మన కర్తవ్యం తీరిందని భావించటం అభ్యుదయ రచయితలమైన మనకు కూడా పరిపాటి అయిపోయింది.

ఈ బొమ్మ చాలావరకు అబద్ధమని నా అభిప్రాయం. నేనెరిగిన కపటుల్లో దేవుణ్ణి నమ్మనివాళ్లు బహు తక్కువ. వాళ్ల భక్తి నటన కాదు. కష్టం వస్తే కన్నీళ్లతోనే మొక్కుకుంటారు. మొక్కిన మొక్కు మరిచిపోరు. ప్రశ్న కష్టమవుతున్నది సరిగ్గా ఇక్కడే. నిజమైన భక్తి వుండి కూడా మనిషి తోటిమనిషి నోటిదగ్గర కూడు ఎట్లా లాక్కోగలుగుతున్నాడు? లాక్కున్న రాత్రి హాయిగా ఎట్లా నిద్రపోగలుగుతున్నాడు?

బౌద్ధ జాతక కథల్లో కుహక జాతకమని ఒకటి వున్నది. కుహకుడంటే వంచకుడు. ఒక వూళ్లో ఒక ఆసామి ఒక తాపసికి పర్ణశాల కట్టించి పోషిస్తుంటాడు. దొంగల భయంచేత నూరు బంగారు నాణాలు తెచ్చి, ఆ పర్ణశాలలో పాతిపెట్టి, కనిపెట్టి వుండమని వేడుకుంటాడు. కొన్నాళ్లకు తాపసి ఆ బంగారాన్ని తవ్వి తీసి, దారిపక్క మరొకచోట దాచి, ఇక దేశాలు తిరిగిరావాలని చెప్పి సెలవు తీసుకుంటాడు. ఆసామి కొంతదూరం సాగనంపి ఇంటికి చేరతాడు. ఇంతలో తాపసి మళ్లీ ప్రత్యక్షం. ఏమి స్వామీ అంటే, మీ ఇంటి కప్పులోని గడ్డిపోచ ఒకటి నా జటలో చిక్కుకుని వచ్చింది, పరుల సొత్తు మాకు నిషిద్ధం, తిరిగి ఇచ్చిపోదామని వచ్చాను అంటాడు. ఆసామి పరవశించిపోతాడు. అక్కడే వున్న ఒక వర్తకుడు మాత్రం అనుమానిస్తాడు. పాతిన చోటు ఒకసారి చూసుకొమ్మంటాడు. ఆ వర్తకుడు బోధిసత్వుడు.

ఈ కథలో నన్ను ఆకట్టుకున్నది దొంగతనం కాదు, గడ్డిపోచ. నీతి అన్నదే లేనివాడికి గడ్డిపోచతో పని వుండదు. తాపసికి నీతి తెలుసు. దాన్ని ఎక్కడ ఖర్చుపెడితే చవకో కూడా తెలుసు. గడ్డిపోచ దగ్గర అతడు చూపిన నిష్ఠ అంతా, బంగారం దగ్గర ఎవరూ అడగకుండా వుండటానికి కట్టిన కట్టడం. ఆసామి పరవశించటం మరొక సంగతి. ఇచ్చేవాడి నిష్ఠా, చూసేవాడి పరవశమూ కలిస్తేనే గడ్డిపోచకు విలువ. కనుక మతకపటం ఒకడి మనోదౌర్బల్యం మాత్రమే కాదు. అది పదిమంది ఒప్పుకుని నడుపుకునే ఒక సాంఘిక ఏర్పాటు.

మన నిత్యజీవితంలో ఈ ఏర్పాటు ఎట్లా నడుస్తున్నదో చూడటానికి ఎంతో దూరం పోనక్కరలేదు. వ్యాపారం పెట్టేటప్పుడు లాభంలో ఇంతవాటా ఏడుకొండలవాడిదని ముందే మాట అనుకునేవాళ్లు మన పట్టణాల్లో కొల్లలు. సంవత్సరాంతానికి ఆ వాటా పైసాతో సహా చేరిపోతుంది. మూటలు మోసిన హమాలీకి, లెక్కలు రాసిన గుమాస్తాకు రావలసినదాంట్లో మాత్రం బేరం వుంటుంది, వాయిదా వుంటుంది, కసురు వుంటుంది. దేవుడు వాటాదారు, గుమాస్తా అప్పులవాడు. హుండీకి ఒక సుగుణం వున్నది: అందులో పడ్డ నోటు ఎవరి చెమటలోనుంచి వచ్చిందో అది అడగదు. మనిషి అయితే అడుగుతాడు. అందుకే మనిషికి చెల్లించటంకంటే దేవుడికి చెల్లించటం మనకు సుఖంగా వుంటుంది.

ఇది మతగ్రంథాలకు తెలియని రహస్యమేమీ కాదు. ప్రాణుల్ని అవమానిస్తూ ప్రతిమను అర్చించేవాడి పూజ వ్యర్థమని భాగవతం మూడవ స్కంధంలో కపిలుడు తల్లికి బోధిస్తాడు. సోదరుడితో తగవు వున్నవాడు కానుకను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సమాధానపడి రావాలని క్రీస్తు కొండమీది ప్రసంగంలో చెబుతాడు. హజ్ యాత్ర స్తోమతు గలవాడికే విధి అనీ, బయలుదేరబోయేముందు అప్పులు తీర్చుకోవాలనీ ఇస్లాం ధర్మవేత్తలు చెబుతారు. మూడుచోట్లా వరస ఒకటే: మనిషి బాకీ ముందు, దేవుడి బాకీ తర్వాత. ఆచరణలో ఈ వరసను తలకిందులు చేసినది అజ్ఞానం కాదు. అట్లా చేయటంవల్ల లాభం పొందే మనుషులు. మతాన్ని విమర్శించేటప్పుడు మనం ఈ తేడా గమనించకపోతే, విమర్శ వెళ్లి తగలవలసినవాడికి తగలదు.

ఇటీవలి సంఘటనలు రెండు మూడు తీసుకుందాం. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూకు వాడిన నేతిలో జంతువుల కొవ్వు కలిసిందన్న ఆరోపణ వచ్చింది. దేశమంతా అట్టుడికిపోయింది. సెప్టెంబరు 23న కొండమీద శాంతిహోమం జరిగింది. అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది. కల్తీ ఎక్కడ జరిగినా నేరమే, నిజం తేలవలసిందే, అందులో సందేహం లేదు. కాని ఆ నెలల్లో మా కాలేజీ స్టాఫ్‌రూములో, బస్సుల్లో, పెళ్లిళ్లలో జరిగిన చర్చ అంతా అపచారాన్ని గురించే. బజారులో పసిపిల్లలకు కొనిపెట్టే నెయ్యి సంగతేమిటి, పాలు సంగతేమిటి అని అడిగినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. కల్తీ అనే ప్రజాద్రోహం కాస్తా మైల అనే గడ్డిపోచగా మారిపోయింది.

తర్వాత నాలుగు నెలలకు, 2025 జనవరి 8 రాత్రి, అదే తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డ జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. అంతకుముందు 2024 జూలై 2న ఉత్తరప్రదేశ్‌లోని హత్రాస్ జిల్లాలో ఒక బోధకుడి సత్సంగం ముగిశాక ఆయన పాదధూళి కోసం ఎగబడ్డ జనంలో 121 మంది చనిపోయారు. వాళ్లలో అత్యధికులు స్త్రీలు. 80 వేలమందికి అనుమతి తీసుకుంటే రెండున్నర లక్షలమంది వచ్చారని ఎఫ్.ఐ.ఆర్.లో రాశారు. ఆ ఎఫ్.ఐ.ఆర్.లో నిందితుల పేర్లలో బోధకుడి పేరు లేదు. 2025 నవంబరు 1న మన శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో వెంకటేశ్వరాలయంలో ఏకాదశినాడు తొమ్మిదిమంది పోయారు.

నేతి విషయంలో నెలలతరబడి రగిలిన మా వూరి చర్చ, ఈ చావుల విషయంలో వారం తిరగకముందే చల్లారింది. పుణ్యస్థలంలో పోయారు, అదృష్టవంతులు అన్నవాళ్లు కూడా వున్నారు. జనాన్ని పిలిచినవాడికి దారి ఎంత వెడల్పో చూడవలసిన బాధ్యత లేదా? గేటు ఎప్పుడు తీయాలో, ఎటువైపు తీయాలో ఆలోచించటం భక్తిలో భాగం కాదా? పాలరాతి మెట్లమీద నీళ్లు పోసి కడగటం శుచి. ఆ మెట్లమీద ముసలమ్మ జారి పడకుండా ఒక ఇనుపకడ్డీ పాతించటం కంట్రాక్టరు పని. మనం ఈ విధంగా పంచుకున్నాం. బంగారమంటే ఇక్కడ మనుషుల ప్రాణం. దాన్ని గురించి లెక్క అడిగే వర్తకుడు మన మధ్య లేకుండాపోయాడు.

ఇంతవరకూ రాసి కలం కింద పెట్టవచ్చు. పాఠకులు కూడా సంతోషిస్తారు. కాని అట్లా ఆపటం నిజాయితీ అనిపించుకోదు. గురజాడ కన్యాశుల్కం 1897లో అచ్చయింది. అందులో శ్రోత్రియుడై వుండీ కూతుళ్లను అమ్ముకునే అగ్నిహోత్రావధాన్లు ఒక్కడే వున్నట్లయితే ఆ నాటకం కాలక్రమాన ఒక సంస్కరణ కరపత్రంగా మిగిలిపోయేదేమో. గురజాడ అదే రంగంమీదికి గిరీశాన్ని కూడా తెచ్చాడు. వితంతు వివాహం గురించి, స్త్రీ విద్య గురించి ధారాళంగా ఉపన్యసించే గిరీశం. అవధాన్లుకు వేదం ఏమి చేసిపెట్టిందో గిరీశానికి సంస్కరణ అదే చేసిపెట్టింది. దేవుణ్ణి తీసేసినంతమాత్రాన కపటం పోదు. గడ్డిపోచ రంగు మారుతుంది, అంతే. ఈ సంగతి నేను పుస్తకంలోనుంచి కాదు, నా ఇంటిముందు నిలబడి నేర్చుకున్నాను.

2023 వేసవిలో మేము చిన్న ఇల్లు ఒకటి కట్టుకున్నాం. ప్లాను అనుమతికి పోయినప్పుడు 1996 చట్టం ఏర్పరచిన సెస్సు, భవన కార్మికుల సంక్షేమానికని ఖర్చులో నూటికి ఒక రూపాయి చొప్పున, తు.చ. తప్పకుండా కట్టాను. రసీదు ఇంకా నా దగ్గర వున్నది. శ్రమజీవుల పట్ల నా బాధ్యత నెరవేరిందని కొంచెం గర్వపడ్డాను కూడా. నాకు ముహూర్తాలమీద నమ్మకం లేదు. అమ్మ కోసం గృహప్రవేశానికి ఒప్పుకున్నాను. ఒక శుక్రవారం తెల్లవారుజామున ముహూర్తం. ఆవునూ దూడనూ ముందు ఇంట్లోకి తోలారు. వెనుక మేము. ఆ తర్వాత బంధువులు. మేస్త్రీకి ఆనవాయితీ ప్రకారం కొత్తబట్టలు పెట్టాం. పురోహితుడికి 11,116 రూపాయలు తాంబూలంలో పెట్టి ఇచ్చాను.

భోజనాల వేళకు షామియానా అవతల, మిగిలిపోయిన ఇటికల వరస పక్కన ఒకామె నిలబడి కనిపించింది. ఆరునెలలపాటు ఇసుక తట్టలు మోసి, పొద్దున్నే వచ్చి గోడలకు నీళ్లు కొట్టిన కూలీ ఆమె. గడప దాటి లోపలికి ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. దగ్గరికి వెళ్లి, భోజనం చేసి వెళ్లమ్మా అన్నాను.

“తింటాను సారూ. మూడు వారాల కూలి ఆగిపోయింది. సారు ఇస్తే ఇస్తానంటున్నాడు మేస్త్రి. ఇయ్యాళ ఏమన్నా ఇప్పిస్తారా?” అన్నది.

నిజమే. పద్ధెనిమిది రోజుల కూలి, రోజుకు 500 చొప్పున 9,000 రూపాయలు. గృహప్రవేశం ఖర్చులు దాటనివ్వు, అందరికీ ఒక్కసారే తీర్చేస్తానని మేస్త్రీతో నేనే చెప్పాను. అప్పుడు నా నోటివెంట వచ్చిన మాట ఇది: “శుక్రవారం పూట డబ్బు బయటికి ఇవ్వకూడదంటారమ్మా. మంచిరోజు కదా. రేపు చూద్దాం.”

ఆమె మారుమాట లేకుండా తల వూపింది. శుక్రవారం సంగతి ఆమెకూ తెలుసు. గంట కిందట అదే శుక్రవారం, అదే చేత్తో నేను సంభావన ఇచ్చిన సంగతి ఆమె చూసిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం చూశాను. ఇరవై ఏళ్లుగా హేతువాదం మాట్లాడుతున్నవాణ్ణి, ఒక్క క్షణంలో ఒక మూఢనమ్మకం నాకు అక్కరకు వచ్చింది. నమ్మి వుంటే అది అమాయకత్వమయ్యేది. నమ్మకుండా వాడుకున్నాను.

ఆ మరుసటి వారంలోనే జాషువా గబ్బిలం పాఠం వచ్చింది. 1941లో వచ్చిన కావ్యం. గుడిలోకి అడుగుపెట్టే హక్కు లేని మనిషి, గుడిలో తలకిందులుగా వేలాడే హక్కు వున్న గబ్బిలం చేత శివుడికి తన గోడు చెప్పి పంపుకుంటాడు. ప్రతి ఏడూ ఆవేశంగా చెప్పే పాఠమది. ఆ ఏడు తరగతిలో నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ఆవు ముందు లోపలికి పోయింది, తట్ట మోసినామె ఇటికల దగ్గర నిలబడ్డది అన్న సంగతి పిల్లలకు తెలియదు కనుక పాఠం బాగానే వుందన్నారు. ఆ క్షణంలో గబ్బిలం మీది నా ఉపన్యాసమే నా చేతిలోని గడ్డిపోచ.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా, ఒకరోజు ఆలస్యమేగా అని. ఒకరోజు కాదు, మూడు వారాలు. పైగా కపటం పెద్ద విషయాల్లో మొదలుకాదు. అక్కడికి వచ్చేసరికి అది అలవాటుగా వుంటుంది. మరొక ఆక్షేపణ ఇటునుంచి: నమ్మకమే పేదవాడి వూరట కదా, దాన్ని ఎందుకు గాయపరచటం? ఆమె కూడా జాతరకు పోతుంది, పొంగలి పెడుతుంది. ఆ పొంగలిని వేళాకోళం చేయటం నా వుద్దేశం కాదు. ఆమె మొక్కు వెనుక ఎవరి కూలీ ఎగవేత లేదు. మన విమర్శ ఆ పొంగలిని, హుండీలో పడే నల్లనోటునూ ఒకే గాటన కట్టిందంటే, మనకు మతమూ తెలియదు, జనమూ తెలియదు.

కాబట్టి రచయితలుగా మనం అడగవలసిన ప్రశ్న దేవుడు వున్నాడా లేడా అన్నదికాదు, కనీసం మొదటి ప్రశ్న అది కాదు. ఈ భక్తి, లేదా ఈ ఆదర్శం, ఏ బాకీని కప్పిపెడుతున్నది? ఆ బాకీ ఎవరికి రావాలి? ఎంత రావాలి? పాతిపెట్టిన చోటు తవ్వి చూసుకొమ్మన్న వర్తకుడి పని మనది. ఆ తవ్వటం మన పెరటినుంచే మొదలుపెట్టాలి. లేకపోతే మన కథల్లోని ఆషాఢభూతులు ఎప్పుడూ పొరుగింటివాళ్లే అవుతారు.

ఆ శనివారం పొద్దున్నే ఆమె కూలి ఆమె చేతికి ఇచ్చాను. లెక్కపెట్టుకుని, రవికలో దోపుకుంటూ, ఇందులో వడ్డీకి పోనిస్తే ఇంత మిగులుద్దని తనలో తాను అనుకున్నది. ఏం వడ్డీ అని అడిగాను. కూలి ఆగిన వారాల్లో బియ్యానికీ, పిల్లవాడి మందులకూ 5,000 అప్పు తెచ్చిందట, నెలకు నూటికి అయిదు రూపాయల వడ్డీమీద. 250 రూపాయలు. గృహప్రవేశం ఖర్చుల పుస్తకం ఇంటికి వచ్చాక మళ్లీ తీసి చూశాను. ఆవుకు పెట్టిన గడ్డి ఖరీదు కూడా అందులో వున్నది. ఆ 250 మాత్రం ఎక్కడా లేదు.