చెఱసాలలోని తత్త్వవిచారము



తత్త్వశాస్త్ర మన్నంతనే మనలోఁ బలువురకు రెండు తలంపులు గలుగుచుండును. అది పండితుల వాదములకు మాత్రమే తగినదని యొకటి. వార్ధక్యమున నవకాశము దొరకినపుడు చదువుకొనఁదగినదని రెండవది. ఈ రెండును బొరపాటులని మేము తలంచుచున్నాము. మనుష్యుఁడు తన జీవితమును గూర్చి యడుగక తప్పని ప్రశ్నలే యా శాస్త్రమునకు శాఖలైనవి. మన మేదియైన నెట్లు తెలిసికొందుము? తెలిసినదానినుండి తెలియనిదానిని సరిగా నెట్లు నిశ్చయింతుము? నిజముగా నున్నది యేది? ఏది సుందరము? ఏమి చేయవలయును? ఈ యైదు ప్రశ్నలకు వరుసగా జ్ఞానమీమాంస, తర్కము, తత్త్వమీమాంస, సౌందర్యమీమాంస, నీతిశాస్త్రము అని పేర్లు. వీనిని విడివిడిగా నిర్వచించుటకంటె, ఒక్క మనుష్యుని కడపటి దినములలో నవి యెట్లు కలిసి పనిచేసినవో చూపుట మేలని మాకుఁ దోఁచినది.

క్రీస్తునకుఁ బూర్వము 399వ సంవత్సరమున ఏథెన్సు నగరమందు డెబ్బది యేండ్ల వృద్ధుఁడగు సోక్రటీసునకు మరణదండనము విధింపఁబడెను. నగరము కొలుచు దేవతలను గొలువఁడనియు, యువకులను జెఱుపుచున్నాఁడనియు నతనిపై నేరములు మోపఁబడెను. డెలోసు ద్వీపమునకుఁ బోయిన పవిత్రనౌక మరలివచ్చువఱకు నెవ్వరిని జంపరాదను నియమ మచ్చట నుండుటచే నతఁ డించుమించు నొకనెల చెఱసాలలో నుండెను. అతఁడు స్వయముగా గ్రంథమేదియు వ్రాయలేదు. శిష్యుఁడగు ప్లేటో వ్రాసిన సంవాదములే యా దినముల వృత్తాంతమునకు ముఖ్యాధారములు.

ఇచ్చటనే జ్ఞానమీమాంస మనల నాఁపి, ‘ఇది యంతయు మీ కెట్లు తెలియును?’ అని యడుగును. మన నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పిరి. చార్వాకులు ప్రత్యక్ష మొక్కటే ప్రమాణమనిరి. సోక్రటీసు మరణమును మనము చూడలేదు. శబ్దమే, అనఁగా ఆప్తవాక్యమే మన కాధారము. ఆ చివరిదినమును వర్ణించు ‘ఫీడో’ యను గ్రంథములోనే, ప్లేటో వ్యాధిగ్రస్తుఁడై యచ్చటికి రాలేదనుకొందునని యొక పాత్ర చెప్పును. తాను లేనని దాఁచని సాక్షిని మనము మఱింత గౌరవింతుము. ఐనను అతఁడు వ్రాసిన ప్రతిమాటయు సోక్రటీసు మాటయే యని నిశ్చయింపఁజాలము. మన యెఱుక యెచ్చట ముగియునో గుర్తించుటయే జ్ఞానమునకు మొదటి మెట్టు. తనకుఁ దెలియనిదానిని దెలిసినట్లు తలంపకపోవుటయే తన వివేకమని సోక్రటీసు న్యాయస్థానమునఁ జెప్పుకొనెను.

రెండవది తర్కము. పొగనుబట్టి కొండపై నిప్పున్నదని నిశ్చయించుటకు, పొగయున్న చోటనెల్ల నిప్పుండునను సంబంధము ముందు తెలిసియుండవలయును. దీనినే వ్యాప్తి యందురు. ఆంధ్రుఁడగు అన్నంభట్టు తర్కసంగ్రహమున వంటయింటి నుదాహరణముగాఁ జూపి దీనిని బాలురకు సయితము సుబోధము గావించెను. పైకి హేతువువలెఁ గన్పట్టి సత్యమును సాధింపలేనిది హేత్వాభాసము. సోక్రటీసు తన కడపటిదినమున ఆత్మ అమరమని వాదించుచుండఁగా ఇరువురు మిత్రు లాక్షేపించిరి. వీణ విఱిగినచో శ్రుతి నశించునుగదా. ఆత్మయు దేహమున కట్టి శ్రుతియే యేల కారాదని సిమ్మియసు అడిగెను. సాలెవాఁడు తాను నేసికొన్న వస్త్రములను బెక్కింటిని ధరించి చింపియు, కడపటి వస్త్రము చినుఁగకముందే మరణించునట్లు, ఆత్మ యనేక దేహములు ధరించియుఁ దుద కేల నశింపరాదని కెబీసు అడిగెను. మరణమునకు సిద్ధముగా నున్న వృద్ధునితో నిట్లు వాదించుటకు వారు మొదట సంకోచించిరి. అతఁడే వారిని బ్రోత్సహించెను. దుష్టుల నమ్మి మోసపోయినవాఁడు మనుష్యజాతినే ద్వేషించునట్లు, చెడువాదములచే మోసపోయినవాఁడు తర్కమునే ద్వేషింపఁ జొచ్చునని హెచ్చరించి, తన్నుగాక సత్యమును లక్ష్యపెట్టుఁడని కోరెను.

ఆ వాదమునకు విషయమైనది తత్త్వమీమాంస. సత్త, ద్రవ్యము, గుణము, కారణము, నిత్యము, అనిత్యము అనునవి దీని మూలభావములు. ఆత్మ దేహముకంటె వేఱని సోక్రటీసు నమ్మెను. మన దేశమున నుపనిషత్తులు ఆత్మ నిత్యమనఁగా, బౌద్ధులు స్థిరమగు ఆత్మయే లేదనిరి. చార్వాకులు భూతసంయోగముననే చైతన్యము పుట్టుననిరి. ఈ వివాదము నేఁటికిని ముగియలేదు. ముగియని ప్రశ్న వ్యర్థమైన ప్రశ్న కాదు.

నాలుగవది సౌందర్యమీమాంస. మన యాలంకారికులు దీనిని రసవిచారముగాఁ బెంచిరి. సంగీతమును సాధన చేయుమని తన కనేకపర్యాయములు స్వప్నము కలిగెననియు, తత్త్వవిచారమే పరమసంగీతమని యంతవఱకుఁ దలంచితిననియు సోక్రటీసు చెప్పెను. చెఱసాలలో మాత్రము సందేహనివృత్తికై యీసపు నీతికథలను బద్యములుగాఁ గూర్చెను. సౌందర్యము తీఱికగలవారి వినోదము మాత్రమే యైనచో, మరణదండితుఁడు దానికై కాలము నేల వెచ్చించును?

ఐదవది నీతిశాస్త్రము. అరిస్టాటిలు సద్గుణమును, 1785వ సంవత్సరపు గ్రంథమునఁ గాంటు కర్తవ్యమును, 1863లో గ్రంథరూపము నొందిన రచనలో మిల్లు సర్వజనసుఖమును దీనికి మూలములుగాఁ జూపిరి. సోక్రటీసునకు మాత్ర మిది గ్రంథవిషయము కాలేదు. నౌక రాకమునుపే యొక వేకువజామున క్రిటో యను మిత్రుఁడు చెఱసాలకు వచ్చి, ధనము సిద్ధముగా నున్నదనియు, పాఱిపోవచ్చుననియు బ్రతిమాలెను. ‘మిత్రుని రక్షింపక ధనము దాఁచుకొంటిమని నలుగురు మమ్మేమందురు?’ అనుటయు నతని హేతువులలో నొకటి. పలువు రేమందు రనునది కాదు, న్యాయమేదియో యెఱిఁగినవాఁ డేమనునో విచారింపవలయు ననియు, అన్యాయమునకు మాఱుగా నైనను అన్యాయము చేయరాదనియు సోక్రటీసు ప్రత్యుత్తరమిచ్చి, చెఱసాలలోనే యుండెను.

సోదరులారా! ఈ ‘నలుగురేమందురు?’ అను మాట మన యిండ్లలో వినఁబడుచుండలేదా? స్త్రీపురుషుల సమానత్వమును సభలలోఁ గొనియాడుదుము. పుత్రుని వివాహవేళ వరకట్నమునకు బేరమాడుదుము. దానిని నిషేధించు చట్టము 1961లోనే వచ్చినది. ఆచారమో యింకను బోలేదు. జ్ఞానమీమాంస, తర్కము, తత్త్వమీమాంస మూఁడును నేర్చి, నీతియొద్దకు రాఁగానే నలుగురి మాటకుఁ దలయొగ్గినచో, మనము నేర్చినది తత్త్వశాస్త్రము కాదు. దాని పదజాలము మాత్రమే.

సోక్రటీసును గూడ మేము పూజింపఁ గోరము. ఆ కడపటిదినమున సంభాషణము మొదలు కాకమునుపే, బిడ్డతోఁ గూడి విలపించుచున్న భార్య క్సాంతిప్పె యింటికిఁ బంపివేయఁబడెను. అంతకు మునుపే మన బృహదారణ్యకోపనిషత్తులో గార్గి సభామధ్యమున యాజ్ఞవల్క్యుని ప్రశ్నించెను. మైత్రేయి ధనమును గాదని యమృతత్వమును గోరెను. ఐనను అట్టి దేశముననే పిమ్మట స్త్రీకి వేదాధ్యయనము నిషిద్ధమయ్యెను. ఎంతటి విచారపరులకైనను అడుగక విడిచిన ప్రశ్న యొకటి యుండును. దానిని గనుఁగొనుటయే తరువాతి తరమువారి ధర్మము.

కావున ప్రతిదినమును నిద్రకు మునుపు మనల మనమే యడిగికొందము: నేఁడు నేను నమ్మినదాని కాధారమేమి? ఆ యాధారమునుండి తీసిన నిర్ణయము సరియైనదియా? దేనిని నిత్యమని పట్టుకొంటిని? ఏ సౌందర్యమునకు నా హృదయము తెఱచితిని? నలుగురికి వెఱచి యే న్యాయమును విడిచితిని? ఈ కడపటి ప్రశ్నకు సిగ్గుపడక యుత్తరమిచ్చు ధైర్యమును సత్యస్వరూపుఁడగు పరమేశ్వరుఁడు మనకుఁ బ్రసాదించుఁగాక!